ఆవాల గిన్నెలో ఆయుర్దాయం

నేను ఒక పోపుల డబ్బాని. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలు, వాటి మీద అడ్డంగా పడుకునే ఒక చెంచా, పైన బిగుతైన మూత. నన్ను చూసిన తెలుగింటి ఆడమనిషి ఎవరైనా మూత తియ్యకుండానే లోపల ఏముందో చెప్పేస్తుంది. చెప్పి పప్పులో కాలేస్తుంది. నాలో ఆవాలు లేక చాలాకాలమైంది. జీలకర్ర లేదు, మెంతులు లేవు, ఎండుమిరపకాయ తొడిమైనా లేదు. నేను మందుల డబ్బానైపోయాను. మందులంటే రోగం వచ్చాక మింగేవి కావు. ముసలితనం ఇంకా వీధి మొగలో ఉండగానే దానికి ఎదురెళ్లి తరిమికొట్టే రకం. అవి నాలోకి ఎలా వచ్చాయో, వచ్చి ఎంత పని చేశాయో చెబుతాను. కాస్త తీరిగ్గా కూర్చోండి, గబగబా చెప్పడం నాకు చేతకాదు.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. చెవులు చిల్లులుపడే మోత మధ్య ఒక రేకుల షెడ్డులో, స్టీలు రేకుని అచ్చులో పెట్టి మిషను ఒక్క గుద్దు గుద్దితే పుట్టాను. తర్వాత రుద్ది రుద్ది మెరుగుపెట్టారు. అక్కణ్ణించి కాకినాడలో ఒక స్టీలు సామాన్ల కొట్టుకి చేరి, బిందెల వెనక, ఇడ్లీ పాత్రల పక్కన కూర్చుని, పెళ్లికి వెళతానా గృహప్రవేశానికి వెళతానా అని కలలు కంటూ ఉండేదాన్ని. చివరికి నన్ను కొన్నది చావుకి.

మనిషి పోయిన పదమూడోనాడు శుభస్వీకారమని చేస్తారు కదా. ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్లకి, పోయినవాళ్ల పేరు కొట్టించి, ఏదో ఒక స్టీలు సామాను చేతిలో పెట్టి పంపడం ఇప్పుడు చాలా ఇళ్లలో అలవాటు. మంగిపూడి విశ్వపతి గారనే పెద్దమనిషి పొద్దున్నే కాఫీ తాగుతూ, గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో పక్కకి ఒరిగిపోయారట. అరవై ఆరేళ్లు. వాళ్ల నాన్నగారు కూడా ఆ వయసులోనే పోయారట. దూరపు చుట్టాలకి గ్లాసులు, దగ్గరివాళ్లకి పోపుల డబ్బాలు అని నిర్ణయించారు. కొట్టువాడు మిషను పెన్నుతో నా మూత మీద 'కీ.శే. విశ్వపతి గారి జ్ఞాపకార్థం' అని చుక్కలు చుక్కలుగా పొడుస్తుంటే నా ఒళ్లు జిల్లుమంది. పెళ్లివారింటికి పోదామనుకున్నదాన్ని, పోయినాయన పేరు నెత్తిన పెట్టుకుని బయల్దేరాను.

అలా నేను ఆయన తమ్ముడు సోమయాజులు గారి ఇంటికి వచ్చాను. సోమయాజులు గారు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకునేవారు. ఆయన భార్య ఉమాసుందరి ఆయనకంటే పదేళ్లు చిన్న. వాళ్లకి పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఆ ఇంట్లో మాటలు నడవగా నేను వినలేదు. మాట్లాడుకోవడానికి వాళ్లకి వేరే బోలెడు ఉండేవి.

ఉమాసుందరి చేతిలో నేను పడ్డాక పోయినాయన పేరు సంగతే మరిచిపోయాను. ఆవిడ మూత తీసిన చప్పుడు వింటే చాలు, నాకు హుషారొచ్చేది. చెంచాతో పనే లేదావిడకి. మూడువేళ్లతో ఆవాలు తీసేది, అరచేత్తో మినప్పప్పు ఎత్తేది. మూకుట్లో ఆవాలు చిటపటమంటే అప్పుడు జీలకర్ర, ఆపైన మిరపకాయ, చివరికి కరివేపాకు. ఇల్లంతా ఘుమఘుమలాడిపోయేది. పొద్దున్న ఆయన హడావిడిగా నాలుగు మెతుకులు తిని పరిగెత్తేవారు కాబట్టి, వాళ్లకి అసలు భోజనం రాత్రిదే. బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునేవారు. ఏ కుర్రాడు పరీక్షనాళిక పగలగొట్టాడో, గుర్తుపట్టమని ఇచ్చిన ఉప్పు ఏదో తెలియక ఎవడు నాలిక మీద వేసుకున్నాడో ఆయన చెప్పేవారు. వీధిలో సంగతులు ఆవిడ చెప్పేది. చెప్పినవే మళ్లీ చెప్పుకుని మళ్లీ నవ్వుకునేవారు. నాకు ఆ ఇల్లు బాగా నచ్చింది. నిజం చెప్పాలంటే నాకు ఆ ఇద్దరూ నచ్చారు.

ఆయన రిటైరయ్యారు. అక్కడే వచ్చింది చిక్కు.

ల్యాబులో అన్నేళ్లు పనిచేసిన మనిషికి ఇంట్లో చెయ్యడానికి ఒక ప్రయోగం కావాలి కదా. పైగా అరవై ఆరు దగ్గరపడుతోంది. ఆ ఏడాది అన్నగారి తద్దినానికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఆయన మరీ మారిపోయారు. ఆరోగ్య పత్రికలు చదవడం, సెల్‌ఫోనులో డాక్టర్ల ఉపన్యాసాలు వినడం, విన్నవాటిని వెంటనే తన ఒంటి మీద ప్రయోగించడం. మొదట ఉసిరి మాత్ర వచ్చింది. దాని వెనకాలే అశ్వగంధ. ఆ తర్వాత కాల్షియం, మెగ్నీషియం, డీ విటమిను, బీ పన్నెండు. ఇన్ని సీసాలు తెరిచి మూసేసరికి పొద్దెక్కిపోతోందని, అన్నీ ఒకచోట పెట్టుకునే ఏడు గదుల పెట్టె ఏదైనా ఉందా అని ఇల్లంతా వెతుకుతూ వంటింట్లోకి వచ్చారు. ఆయన కన్ను నా మీద పడింది.

ఉమాసుందరి ఒప్పుకోలేదు. పోపుకి నేనేం చేసుకోను అంది. పోపుదేముంది, సీసాల్లో పోసుకో అన్నారాయన. చివరికి ఆవిడే గొణుక్కుంటూ ఆవాలూ అవీ పాత కాఫీపొడి సీసాల్లోకి వంపి, నన్ను కడిగి, తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. వంటింటి గట్టు మీంచి భోజనాల బల్ల మీదికి నా మకాం మారింది. ఆవాల గిన్నెలో డీ విటమిను కూర్చుంది. మినప్పప్పు గిన్నెలో సుద్దముక్కల్లాంటి కాల్షియం బిళ్లలు కూర్చున్నాయి. కొన్నాళ్లు పసుపు గిన్నెలో పసుపు మాత్రలు పోశారు. అదే పసుపు, కోటు తొడుక్కుని వచ్చింది. నాకు నవ్వొచ్చింది గానీ, నవ్వితే మూత లేస్తుందని ఊరుకున్నాను.

మాత్రలతో ఆగితే బాగానే ఉండేది. అలవాట్లు కూడా మొదలయ్యాయి. ముసలితనంలో తూలిపడకుండా ఉండటానికని ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకునేవారు. మేడ మీద వెనక్కి వెనక్కి నడిచేవారు. పొద్దుటెండలో చొక్కా విప్పుకుని కూర్చునేవారు. పాపం ఎదురింటావిడ బట్టలారేసుకునే వేళ మార్చుకోవాల్సి వచ్చింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు, అప్పుడే అది ప్రయోగమవుతుంది అని జన్మంతా పిల్లలకి చెప్పిన మనిషి, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకేసారి మొదలెట్టేశారు. ఒకరోజు హాయిగా నిద్రపడితే అది అశ్వగంధ మహిమో, వెనకనడక మహిమో తేల్చుకోలేక సతమతమయ్యారు. ఆ రోజు మధ్యాహ్నం ఉమాసుందరి గుత్తివంకాయ కూర చేసింది. ఆ సంగతి ఆయన లెక్కలోకే తీసుకోలేదు.

ఆయనని ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. పొద్దున్నే మాత్రలు వేసుకునేటప్పుడు ఆయన నా మూత మీద పేరు వంక చూస్తూ మాట్లాడేవారు. ఎవరూ వినడం లేదనుకునేవారు. "నీకేం అన్నయ్యా, వెళ్లిపోయావు. వదిన ఎలా తింటోందో చూశావా?" అనేవారు. ఆ తద్దినం మర్నాడు ఆయన చెప్పకుండా వంటింట్లోకి వెళితే, విశ్వపతి గారి భార్య గట్టు దగ్గర నిలబడి, కంచం కూడా పెట్టుకోకుండా, గిన్నెలోనే ఇంత పచ్చడి కలుపుకుని తింటోందట. ఆయన్ని చూసి సిగ్గుపడి గిన్నె వెనక్కి పెట్టేసుకుందట. ఆ దృశ్యం ఆయన మనసులోంచి పోలేదు. తను పోతే ఉమాసుందరి అలాగే నిలబడి తింటుంది. పిల్లా జెల్లా ఎవరూ లేరు, ఎవరొచ్చి కూర్చోమంటారు? చావంటే ఆయనకి పెద్ద భయం లేదు. ఆ గిన్నె అంటేనే భయం. ఇంకో ఇరవయ్యేళ్లు ఎలాగైనా బతకాలన్న పట్టుదలంతా అందుకే. ఆవిడకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఒకరోజు తేనెరంగులో మెరిసిపోతున్న మెత్తటి గోళీలు తెచ్చి నా చివరి గిన్నెలో పోశారు. ఇవేవిటని అడిగింది ఉమాసుందరి.

"ఒమేగా" అన్నారాయన.

ఆవిడ మొహం విప్పారింది. "ఓమేగా? మరి ముందే చెప్పరేం. ఓమ అరుగుదలకి మంచిదే, మా అమ్మమ్మ కూడా నలిపి పెట్టేది."

ఓమ అంటే వాము. ఆయన గోళీల్లో ఉన్నది వాము నూనె ఎంతమాత్రం కాదు, చేపనూనె. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లది. గుండెకి మంచిదని ఎక్కడో చదివి, వారంరోజులు ఆలోచించి, చెంపలు వేసుకుని మరీ కొన్నారు. ఇప్పుడు ఆవిడే దాన్ని ఓమ చేసేస్తే దిద్దడానికి ఆయనకి నోరు రాలేదు. తలూపి ఊరుకున్నారు. నేను మాత్రం ఇదెప్పుడో బయటపడి తీరుతుందని అనుకున్నాను. వాసన నాకు తెలుసు కదా, నా లోపలే ఉందాయె.

శ్రావణమాసంలో ఆయన అక్కగారు రాజ్యలక్ష్మమ్మ గారు పిఠాపురం నుంచి వచ్చారు. ఎనభై దాటిన మనిషి, కళ్లలో శుక్లాలు. అయినా వంటింట్లోకి వెళ్లకుండా ఉండలేరు. శుక్రవారంనాడు ఉమాసుందరి దేవుడి దగ్గర పువ్వులు సర్దుతుంటే, నైవేద్యానికి పులిహోర నేను కలుపుతానే అని మడికట్టుకుని బయల్దేరారు. దారిలో నేను కనబడ్డాను. పోపుల డబ్బా బల్ల మీదేవిటి, పొయ్యి దగ్గర ఉండాలి గానీ, ఈ కాలం పిల్లలకి ఏదీ సరిగ్గా పెట్టుకోవడం రాదు అని సణుక్కుంటూ నన్ను చంకన పెట్టుకుని వెళ్లి పొయ్యి పక్కన దింపారు. మూకుట్లో నూనె కాగుతోంది. మూత తీసి తడుముకున్నారు. ముందు పల్లీలు వేయించుకుని పక్కన పెట్టుకోవడం ఆవిడ అలవాటు. ఆ మసక కళ్లకి ఆ తేనెరంగు గోళీలే పల్లీల్లా కనబడ్డాయి. గిన్నె ఎత్తి మూకుట్లోకి వంపేశారు.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత టప్పుమని ఒకటి పేలింది. ఇంకొకటి పేలింది. ఆ మీదట వచ్చిన కంపు గురించి నేను వర్ణించను, మీరు ఎండుచేపలు కాల్చే వీధిలోంచి ఎప్పుడైనా వెళ్లి ఉంటే అదే.

"ఒసే ఉమా, పక్క వాటాలో ఎవరు దిగారే? శ్రావణ శుక్రవారం పూట ఇదేం వంటే తల్లీ" అంటూ రాజ్యలక్ష్మమ్మ గారు వెళ్లి కిటికీ తలుపులు బిగించేశారు. కంపు రెండింతలైంది. పువ్వులు వదిలేసి ఉమాసుందరి వచ్చింది. మేడ మీద చొక్కా లేకుండా ఎండలో కూర్చున్న సోమయాజులు గారు ముక్కు ఎగబీల్చి, మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చి, మూకుడి వంకా నా వంకా చూసి, కొయ్యబారిపోయారు. అక్కగారు ఏవిట్రా సోమం ఇది అని అడిగారు. మందన్నారాయన. ఏం మందని అడిగారు. ఆయన నేల చూపులు చూస్తూ, చేపది, అన్నారు.

రాజ్యలక్ష్మమ్మ గారు నేరుగా నూతి దగ్గరికి వెళ్లి తలారా స్నానం చేశారు. మూకుడు వీధిలోకి వెళ్లిపోయింది. నన్ను పసుపునీళ్లతో కడిగి ఎండలో బోర్లించారు. ఆ రోజు నైవేద్యం మధ్యాహ్నం దాటాక పెట్టారు. అక్కగారు తినేటప్పుడు మాత్రం ఒకసారి తమ్ముడి వంక చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. దాంతో ఆయనకి సగం భారం దిగింది.

మిగతా సగం సాయంత్రం దిగింది. నన్ను తుడిచి బల్ల మీద పెట్టి, ఉమాసుందరి ఆయన ఎదురుగా కూర్చుంది. చేపనూనె తాగితే తాగారు, నేను ఓమ అనుకుంటుంటే ఎందుకు ఊరుకున్నారు, ఇన్నేళ్లలో నా దగ్గర ఏం దాచారు మీరు, అని నిలదీసింది. అప్పుడు ఆయన అంతా చెప్పేశారు. అన్నయ్య వయసు, నాన్నగారి వయసు, వదిన, ఆ గిన్నె. నా తర్వాత నీకెవరున్నారు ఉమా అన్నారు. ఆ ఒంటికాలి జపాలూ ఆ వెనకనడకలూ తన కోసమేనని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, రేపట్నుంచి ఆ మాత్రలు నేనే తీసిస్తాలెండి, మీకు లెక్క తప్పుతుంది, అంది.

అలా ఆవిడ ఆయన ప్రయోగాలకి అడ్డు చెప్పడం మానేసింది. రోజూ పొద్దున్నే నా మూత తీసి, మూడువేళ్లతో ఒక్కొక్క మాత్రా ఎత్తి ఆయన అరచేతిలో వేసేది. ఆవాలు ఎత్తే వేళ్లే అవి. చేపనూనె పోయి అవిసెగింజలు వచ్చాయి. అంతా బాగుందనుకున్నాను.

దీపావళి వెళ్లాక ఆయన ఇంకో కొత్త సంగతి చదివారు. చీకటిపడ్డాక తినకూడదట. పొద్దున్న కూడా ఆలస్యంగా తినాలట. కడుపు ఎంతసేపు ఖాళీగా ఉంటే ఒళ్లు అంత బాగుపడుతుందట, ముసలి కణాలన్నీ శుభ్రమైపోతాయట. రేపట్నుంచి రాత్రి భోజనం బందు అని ప్రకటించారు. 'మరి నేనో?' అనలేదు ఉమాసుందరి. తన కోసమే ఇదంతా అని తెలిశాక ఏ నోటితో వద్దంటుంది? ఆయన మాత్రం న్యాయంగానే, నీకు ఈ గొడవ అక్కర్లేదు, నువ్వు మామూలుగా తినెయ్యి అన్నారు. అని, దీపాలు పెట్టే వేళకి గదిలోకి వెళ్లి పుస్తకం పట్టుకునేవారు. అన్నం వాసన తగిలితే మనసు లాగుతుందని తలుపు వేసుకునేవారు.

మొదటి రెండు మూడు రోజులు ఆవిడ తనొక్కదానికీ వండుకుంది. మూకుట్లో ఆవాలు ఏదో మొక్కుబడికి చిటపటలాడాయి. బల్ల దగ్గర ఒక కంచం పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా నేను. ఎదుటి కుర్చీ వంక చూసి, రెండు ముద్దలు తిని లేచిపోయింది. తర్వాత పొద్దుటి అన్నంతో సరిపెట్టుకుంది. ఆ తర్వాత అదీ మానేసింది. ఆయన పొద్దున్న ఆలస్యంగా తింటున్నారని తనూ ఆయనతోనే తినేది. ఆయనకి ముందు పెట్టకుండా ఎప్పుడు తిందని, ఇప్పుడు తింటుంది? రాత్రికి గ్లాసుడు మజ్జిగ, గట్టు దగ్గర నిలబడి. ఆయన్ని పిలిచి చెబుదామని నాకు ఎంత ఉండేదో. ఏం లాభం, డబ్బా మోగాలంటే ఎవరో ఒకరు కొట్టాలి.

సోమయాజులు గారు కళకళలాడిపోతున్నారు. బరువు తగ్గింది, షుగరు అదుపులోకి వచ్చింది, నడకలో చురుకొచ్చింది. తన ఒంటి రీడింగులన్నీ ఆయనకి నోటికి వచ్చు. ఎదురుగా ఉన్న మనిషి చేతికి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి, అవి ఆయన కంటికి ఆనలేదు. నాకు తెలుసు. మాత్రలు తీసేటప్పుడు ఇదివరకు మణికట్టు దగ్గర గలగలమనే గాజులు, ఇప్పుడు జారి వచ్చి నా అంచుకి కొట్టుకునేవి.

ఒకరోజు పొద్దున్న ఆయనకి మాత్రలు ఇచ్చింది. నీళ్ల గ్లాసు అందిస్తూ అందిస్తూ ఉన్నట్టుండి కూలబడిపోయింది. పడేటప్పుడు బల్ల పట్టుకోబోయి నన్ను పట్టుకుంది. మాత్రలన్నీ వంటింటిదాకా దొర్లిపోయాయి. ఆయన వాటి మీద కాళ్లు వేసుకుంటూ వచ్చి ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని ఉమా ఉమా అని పిలుస్తూనే ఉన్నారు. ఆవిడ పోవచ్చునన్న ఊహ ఆయనకి ఎప్పుడూ రాలేదు. పదేళ్లు చిన్న కదా. ఆయన లెక్కలన్నిట్లోనూ ముందు పోయేది ఆయనే.

ఆస్పత్రిలో సూదులు గుచ్చారు, రక్తం తీశారు. ఇంట్లో ఏ మందులుంటే అవి పట్టుకురమ్మన్నారు. ఆవిడ ఏ మందులూ వాడదని చెప్పాలని కూడా ఆయనకి తోచలేదు. నేలమీది మాత్రలన్నీ ఏరి నాలో పోసి, గుడ్డసంచిలో పెట్టుకుని పరిగెత్తారు. డాక్టరమ్మ కాగితాలు చూసి, భయపడాల్సిందేమీ లేదు గానీ ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది, మనిషి తిండి లేక నీరసించిపోయింది, అంది.

"రాత్రిపూట ఏం తింటారమ్మా?"

ఉమాసుందరి మంచం మీంచే నీరసంగా నవ్వింది. "మా ఆయన ఏం తింటే అదేనండి."

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "మీరేం తింటారు?"

సోమయాజులు గారు నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన వేళ్లు నా మూత మీద బిగుసుకోవడం నాకు తెలిసింది. "నేను రాత్రిళ్లు తిననండి" అన్నారు.

డాక్టరమ్మ నన్ను తీసుకుని మూత తెరిచి, ఇదేవిటండీ పోపుల డబ్బాలో, అని నవ్వి, డీ విటమినూ బీ పన్నెండూ ఉంచి మిగతావి ఆపెయ్యమంది. ఆవిడకి ఇనుము మాత్రలు రాసింది. వేళకి తినండి, నమిలి తినండి, చాలు, అని ఇద్దరికీ కలిపి చెప్పింది. మర్నాడు సాయంత్రానికి ఇంటికి పంపించేశారు.

ఆటో దిగి లోపలికి వచ్చాక ఆవిడ పడకగదిలోకి పోకుండా అలవాటు ప్రకారం వంటింటి వైపు నడిచింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. తనూ కూర్చున్నారు. ఇన్నాళ్లూ రాత్రిళ్లు ఏం చేశావని అడిగారు. మజ్జిగ తాగేదాన్ని అంది. కూర్చునే తాగేదానివా అని అడిగారు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఆవిడకి అర్థమైంది. తల అడ్డంగా ఊపింది.

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "నేను పోయాక నువ్వు ఒక్కదానివీ అయిపోతావనే కదే నా భయమంతా."

"ఒక్కదాన్ని ఎప్పుడో అయిపోయాను కదండీ" అంది ఉమాసుందరి. కోపంగా అనలేదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది, అంతే. "దీపావళి నుంచి మీరు గదిలో, నేను వంటింట్లో. ఇరవయ్యేళ్లు కావాలన్నారు, సరే. ఈ ఒక్క ఏడాదైనా నాకు ఇచ్చారా?"

ఆయన లేచి కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లారు. బియ్యం కడిగారు. పెసరపప్పు పడేశారు. ల్యాబులో ఎన్ని దీపాలు వెలిగించిన మనిషైనా గ్యాసు పొయ్యి దగ్గర తడబడ్డారు. ఆవిడ కుర్చీలోంచే చెబుతుంటే కాఫీపొడి సీసాలన్నీ వాసన చూసి ఆవాలు పట్టుకున్నారు. నూనె కాగకముందే వేశారు, కాగాక మాడబెట్టారు. ఆవిడ తల కొట్టుకుంటూ నవ్వింది. చాలా రోజులకి ఆ ఇంట్లో రాత్రి పోపు వాసన వచ్చింది, మాడువాసనతో సహా. దాన్ని పీల్చుకుని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇది జరిగి రెండేళ్లవుతోంది. నేను ఇంకా బల్ల మీదే ఉన్నాను. ఆవాలకి ఆ సీసాలు అలవాటైపోయాయి, వాటిని మళ్లీ కదపడం ఎందుకని ఆవిడ నన్నిలాగే ఉంచేసింది. నా గిన్నెల్లో ఇప్పుడు ఆయన మాత్రలు రెండు రకాలు, ఆవిడ ఇనుము మాత్రలు, ఒకదాంట్లో ఖర్జూరం, ఒకదాంట్లో ఇంటి తాళంచెవులు, మిగతావి ఖాళీ. సోమయాజులు గారు ఇప్పటికీ మేడ మీద వెనక్కి నడుస్తారు. మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా, ఉండనివ్వండి.

నిన్న రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దుగూకాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. డాక్టరమ్మ నమిలి తినమన్న మాట ఆయన వేదవాక్కులా పట్టుకున్నారు. మెతుకు మెతుకూ నములుతారు, మజ్జిగన్నం కూడా నములుతారు. ఉమాసుందరి తినడం ఎప్పుడో అయిపోయింది. ఎంగిలిచెయ్యి ఎండిపోతున్నా అలాగే కంచం ముందు కూర్చుని ఉంది. ఆయనకి కష్టంగా అనిపించింది.

"నువ్వు లేచి చెయ్యి కడుక్కో ఉమా. నాకింకా ఆలస్యమవుతుంది."

"పంక్తిలో ఒకళ్లు తింటుండగా రెండోవాళ్లు లేవకూడదండీ" అంది ఆవిడ. "నాకేం తొందర లేదు. మీరు నెమ్మదిగా తినండి."

ఆయన ఆవిడ వంక చూశారు. తల వంచుకుని చివరి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అది మింగేస్తే పంక్తి లేచిపోతుంది మరి, ఎంతసేపటికీ మింగలేదు.